పలక మీద మూడు

నేను మునిసిపాలిటీ ఈతకొలనులో టికెట్ల కిటికీ వెనక ఇరవై ఆరేళ్ళు కూర్చున్నాను. మా కొలనులో ఈత నేర్చుకుని ఒలింపిక్స్ దాకా వెళ్ళిన మనిషి ఒక్కతే. పేపర్లవాళ్ళు వచ్చినప్పుడల్లా ఆమె రికార్డులు రాసుకున్నారు, ఫొటోలు తీసుకున్నారు, నా దగ్గర టీ తాగి వెళ్ళారు. ఆమెకీ వాళ్ళక్కకీ మధ్య జరిగిన సంగతి మాత్రం ఎవరూ అడగలేదు. అక్కచెల్లెళ్ళిద్దరూ సరేనన్నాకే ఇప్పుడు చెబుతున్నాను.

వాళ్ళ నాన్న బస్సు డ్రైవరు. ఆయన నడిపే రూటుకి ఆఖరి స్టాపు మా గేటు ఎదురుగానే. వాళ్ళమ్మ ఇంట్లోనే మిషన్ పెట్టుకుని స్కూలు యూనిఫారాలు కుట్టేది. బడులు తెరిచే ముందు నెలలో ఆ ఇంట్లో కాలు పెట్టడానికి చోటుండేది కాదు. మంచం మీదా నీలం గుడ్డే, కుర్చీ మీదా నీలం గుడ్డే. అందుకని ఏడేళ్ళ చిన్నకూతురిని ఆయన తనతోపాటు బస్సులో తిప్పేవాడు. ఆ పిల్లకేమో బస్సు పడదు. రెండో ట్రిప్పుకే కక్కేసింది.

"అమ్మా, మీకు పుణ్యముంటుంది, ఈ ఒక్క ట్రిప్పుకీ పిల్లని చూస్తుంటారా? నలభై నిమిషాల్లో వచ్చేస్తా," అని కిటికీలోంచి బతిమాలాడు. "నోట్లో నాలుక లేని పిల్ల. ఓ మూల కూర్చోమంటే కూర్చుంటుంది."

నేను నలుగురికి టికెట్లు చింపి ఇచ్చేలోగా నోట్లో నాలుక లేని పిల్ల మాయమైంది. వెంటనే లోపల్నుంచి 'బుడుంగ్'మని చప్పుడు. నా పైప్రాణాలు పైనే పోయాయి. నేను పరుగెత్తి వెళ్ళేసరికి, ఆ చివర పిల్లలకి ఈత నేర్పుతున్న టీచరమ్మ చీరతోనే దూకి, గౌను వీపు పట్టుకుని దాన్ని పైకి లాగుతోంది. పిల్ల దగ్గింది, తుమ్మింది, ముక్కు తుడుచుకుంది. ఏడవలేదు. నీళ్ళలోకి వేలు చూపించి "నా బూటు" అంది.

నిజమే, ఒక బూటు అడుగున ఉంది.

"నీ బూటు నువ్వే తెచ్చుకోవాలి," అంది టీచరమ్మ, చెంగు పిండుకుంటూ. "దానికి ముందు తేలడం నేర్చుకోవాలి. రేపు రా."

ట్రిప్పు ముగించుకుని వచ్చిన డ్రైవరు తడిసి ముద్దయిన కూతుర్ని చూసి నోరు తెరిచాడు. "నాలుక లేదన్నారు గానీ కాళ్ళున్నాయని చెప్పలేదేం?" అన్నాను నేను. కోపంలో అన్నమాటే, కానీ ఆయన పకపకా నవ్వాడు. ఆ నవ్వుతోనే మా రెండిళ్ళకీ స్నేహం కుదిరింది.

టీచరమ్మ హైస్కూల్లో సైన్సు చెప్పేది. పొద్దున్న ఐదింటినుంచి ఏడున్నర దాకా, మళ్ళీ సాయంత్రం రెండు గంటలు, మా కొలనులో కోచ్. ఆ బూటుని కొలను శుభ్రం చేసే ఆయన మొదటిరోజు సాయంత్రమే వలతో తీసేశాడు. టీచరమ్మ దాన్ని తన బల్ల సొరుగులో దాచి, రోజూ పిల్ల వచ్చే ముందు మళ్ళీ అడుగున పడేసేది. తొమ్మిదో రోజున పిల్ల మునిగి, బూటుని చేత్తో ఎత్తి పట్టుకుని పైకి తేలింది. అప్పటికి దాని తోలు ఉబ్బిపోయి కాలికి పట్టకుండా తయారైంది. అయినా వేసుకునే ఇంటికెళ్ళింది. ఆ వేసవిలోనే ఆమెకి బుడుంగు అని పేరు పడిపోయింది. ఇంట్లో అదే పేరు, కొలనులో అదే పేరు.

పదమూడేళ్ళకల్లా బుడుంగు వాళ్ళ నాన్న భుజం దాటింది. చేతులు మరీ పొడుగు. వాళ్ళమ్మ యూనిఫారం కుట్టి వేసేసరికి దాని చేతులు మళ్ళీ పొట్టయ్యేవి. ఆమెకి ఫ్రీస్టైల్ ఒక్కటే నచ్చింది. బోర్లా పడుకుని, ఒక చెయ్యి తరవాత ఒక చెయ్యి వేసుకుంటూ, పక్కకి తిరిగి గాలి పీల్చుకుంటూ పోవడం. అందులోనూ వేగంగా ముగిసిపోయే యాభై మీటర్లూ వంద మీటర్లూ కాదు, ఎనిమిది వందల మీటర్లు. మా కొలను యాభై మీటర్ల పొడవు. అంటే ఈ చివరినుంచి ఆ చివరికి పదహారు సార్లు. ఒక్కో సారినీ లెంగ్త్ అంటాం.

పదహారు లెంగ్తులు ఈదేవాళ్ళకి లెక్క తప్పుతుంది. అందుకని అవతలి చివర ఒక మనిషి నంబర్ల పలక పట్టుకుని నిలబడతారు. ఈదే మనిషి గోడ దగ్గరికి వస్తుండగా పలకని నీళ్ళలో ముంచి, ఇంకా ఎన్ని లెంగ్తులు మిగిలాయో చూపిస్తారు. మొదట పదిహేను, తరవాత పదమూడు, పదకొండు, అలా మూడు, ఆఖరికి ఒకటి. ప్లాస్టిక్ అట్టలు రింగులకి గుచ్చి ఉంటాయి, ఒక్కొక్కటే తిప్పుకుంటూ పోవాలి. బుడుంగుకి ఆ పలక పట్టేది వాళ్ళక్క.

అక్క మూడేళ్ళు పెద్దది. చిన్నప్పుడు చెవిలో చీము కారే జబ్బు వచ్చి తగ్గింది. నీళ్ళ జోలికి వెళ్ళొద్దని డాక్టరు చెప్పాడు. అందుకని ఒడ్డునే ఉండేది. మనిషి బక్కపలచన, చూపు మాత్రం సూది. పాఠాల పుస్తకం చంకలో పెట్టుకుని, ఒక చేత్తో పలక పట్టుకుని, చెల్లెలు ఏ లెంగ్తులో ఎన్ని చేతులు వేసిందో కూడా చెప్పేది. ఇంటరయ్యాక మెయిన్ రోడ్డులో మందుల షాపులో చేరింది. ఫార్మసీ పరీక్ష రాసి సొంతంగా లైసెన్సు తెచ్చుకోవాలని ఆమె ఆశ. షాపాయన కూడా "ఈ పిల్ల ఉంటే నేను నిద్రపోవచ్చు," అనేవాడు.

బుడుంగుకి పంతొమ్మిదేళ్ళప్పుడు ఒలింపిక్స్‌కి సెలెక్షన్ పోటీలు వచ్చాయి. వేరే ఊళ్ళో, పెద్ద స్టేడియంలో. ఆడపిల్లలకి తోడుగా నన్ను కూడా పంపారు. మన దేశం పోటీల్లో ఎవరి పలక మనిషిని వాళ్ళే తెచ్చుకోవాలి కాబట్టి అక్క షాపులో సెలవు పెట్టి వచ్చింది.

ఆ రోజు బుడుంగు మొదలుపెట్టడమే బాణంలా మొదలుపెట్టింది. సగం దూరానికి మిగతావాళ్ళకన్నా ఒక మనిషి పొడవు ముందుంది. నేను గ్యాలరీలో నిలబడిపోయాను. పదమూడో లెంగ్త్ చివర, అవతలి గోడ దగ్గర, అక్క వంగి పలక ముంచింది. బుడుంగు తిరిగి ఇవతలికి వచ్చింది. వచ్చి మళ్ళీ తిరగలేదు. గోడ పట్టుకుని ఆగిపోయింది.

పక్క లేన్లో పిల్ల తిరిగి వెళ్ళిపోయింది. ఆ పక్కదీ వెళ్ళిపోయింది. టీచరమ్మ ఒడ్డు మీద పరుగెత్తుకుంటూ వచ్చింది.

"ఏమైందే? ఇంకా రెండున్నాయి! ఎందుకాగావ్?"

బుడుంగు రొప్పుతూ తలెత్తింది. "పలక మీద ఒకటి ఉంది, టీచర్. అయిపోయిందనుకున్నా."

టీచరమ్మ తల తిప్పి అవతలి చివరకి చూసింది. మేమందరం చూశాం. అక్క పలకతో అక్కడే నిలబడి ఉంది, పలకలోంచి నీళ్ళు కారుతున్నాయి. ఈ మాటలు అంత దూరం వినపడవు. కానీ అందరం ఒకేసారి తనవైపు తిరగడం చూసి, ఏదో తన వల్లే జరిగిందని ఆమెకి అర్థమైపోయింది.

తిరుగు ప్రయాణంలో బస్సులో అక్క ముందు సీట్లో ఒక్కతే కూర్చుంది. నేను పక్కకి వెళ్ళి కూర్చుంటే, "పిన్నీ, తడికి రెండట్టలు అతుక్కుని ఒకేసారి తిరిగాయేమో," అంది. "మూడే చూపించానని నా మనసుకి అనిపిస్తోంది. కానీ అది ఒకటి చూశానంటోందిగా." వెనక సీట్లో బుడుంగు తలమీద తువ్వాలు కప్పుకుని పడుకుంది. నిద్రపోతోందనుకున్నాం.

ఇంట్లో ఎవరూ అక్కని పల్లెత్తు మాటనలేదు. వాళ్ళ నాన్నయితే "పోనీలేమ్మా, నేను రోజుకి నాలుగు స్టాపులు మరిచిపోతా," అని నవ్వించబోయాడు. ఊళ్ళో జనం నోళ్ళు అలా ఉండవు కదా. మందుల షాపుకి వచ్చినవాళ్ళెవరో "రాంగ్ నంబర్ అక్కా, ఓ తలనొప్పి మాత్ర ఇవ్వు," అన్నారట. ఆ పేరు అతుక్కుపోయింది. సరదాకే అనేవారు. ఆమె కూడా సరదాగానే నవ్వేది.

కానీ పలక మళ్ళీ ముట్టుకోలేదు. కొలనుకి రావడం మానేసింది. షాపులో మాత్రల షీటు చేతిలోకి తీసుకుంటే మందు పేరు చదివి, వెనక్కి తిప్పి చదివి, చీటీ చూసి మళ్ళీ చదివేది. వెనక జనం బారులు తీరేవారు. షాపాయన మంచివాడే గానీ ఎన్నాళ్ళు ఊరుకుంటాడు? ఏడాది తిరక్కుండా ఆమెని కౌంటర్ మీంచి తీసి, లోపల అట్టపెట్టెలు సర్దే పనిలో వేశాడు. పరీక్షకి పెట్టిన ఫారం కూడా ఆమె వెనక్కి తీసేసుకుంది. ఎందుకే అని నేను గట్టిగా అడిగితే, "ఎదురుగా ఉన్న అంకె చూడలేనిదాన్ని, మందులేమిస్తాను పిన్నీ? ఎవరి ప్రాణం మీదకో తెస్తాను," అంది.

బుడుంగు ఈత ఆపలేదు. పొద్దున్నా సాయంత్రం వచ్చేది, ఈదేది, వెళ్ళేది. పోటీల్లో గెలిచేది కూడా. కానీ సరిగ్గా పన్నెండు, పదమూడు లెంగ్తుల దగ్గర ఆమెకి ఏదో అయ్యేది. వేగం పడిపోయేది. ఛాతీ పట్టేసినట్టు, గాలి లోపలికి దిగనట్టు ఉంటుందనేది. పెద్ద డాక్టరుకి చూపించారు. గుండె గుర్రంలా ఉంది, ఊపిరితిత్తులు నాలాంటివాళ్ళకి మూడు జతలు పెట్టినంత ఉన్నాయి అన్నాడాయన. మరి ఏమిటో ఎవరికీ తెలియలేదు.

అలా మూడేళ్ళు దాటాయి. తరవాతి సెలెక్షన్లు ఇంకో అయిదు నెలలున్నాయనగా జరిగిందిది. ఆ రోజు పొద్దున వాళ్ళింట్లో ఉన్నది ముగ్గురే.

వాళ్ళమ్మకి రక్తపోటు మొదలైంది. రోజుకి రెండు రకాల మాత్రలు. వారానికి సరిపడా ఏడు గళ్ళున్న డబ్బాలో సర్దిపెట్టే పని అక్కది. వంటింట్లో గట్టు దగ్గర నిలబడి ఏడు గళ్ళూ నింపింది. మళ్ళీ అన్నీ బల్ల మీద ఒంపేసి మొదట్నుంచి నింపింది. మూడోసారి ఒంపి మళ్ళీ నింపింది. బుడుంగు ఈత ముగించుకుని వచ్చి, అక్కడే కూర్చుని రొట్టె తింటోంది.

"ఏయ్, నువ్వోసారి చూడవే," అంది అక్క, డబ్బా ఆమె ముందుకి జరుపుతూ. "తెల్లవి రెండు, పసుపుది ఒకటి ఉన్నాయా? నా కళ్ళ మీద నాకు నమ్మకం లేదు."

బుడుంగు డబ్బా వైపు చూడలేదు. రొట్టె ముక్క కింద పెట్టింది.

"అక్కా, ఆ రోజు నువ్వు మూడే చూపించావు."

"ఏ రోజు?"

"సెలెక్షన్ రోజు. పలక మీద మూడే ఉంది. నేను చూశాను. నాకు గాలి ఆడలేదు, చచ్చిపోతాననిపించి గోడ పట్టేసుకున్నా. టీచర్ వచ్చి అరిచేసరికి నోటికి ఏదొస్తే అది చెప్పేశా."

అక్క చెయ్యి డబ్బా మీదే ఆగిపోయింది.

"మూడా?"

"మూడు."

"ఉండే ఉంటుందని ఇప్పుడంటున్నావా, చూశావా?"

"చూశాను. మూడు కింది వంపు దగ్గర రంగు పోయి ఉంటుందే, అది కూడా కనిపించింది."

అక్క అలమారకి వీపు ఆనించి అలాగే కిందికి జారి నేలమీద కూర్చుండిపోయింది. "మళ్ళీ చెప్పు," అంది. బుడుంగు మళ్ళీ చెప్పింది. "ఇంకోసారి చెప్పు." ఇంకోసారి చెప్పింది. అప్పుడు అక్క నవ్వడం మొదలుపెట్టింది. ఏడుస్తూ నవ్వింది. ముందు గదిలో మిషన్ చప్పుడు ఆగిపోయి వాళ్ళమ్మ గుమ్మంలోకి వచ్చింది. సంగతంతా విని, చేతిలో కత్తెర అలాగే పట్టుకుని చిన్నకూతురి వైపు తిరిగింది.

"మూడేళ్ళు దాని కళ్ళు పీకి నీ దగ్గర పెట్టుకున్నావు కదే," అంది.

అక్క లేచింది. ముక్కు తుడుచుకుంది. మాత్రల డబ్బా మూతలు ఏడూ టకటకా మూసేసి, ఇంకోసారి చూడకుండానే వాళ్ళమ్మ చేతిలో పెట్టింది. బుడుంగు ముందున్న రొట్టె పళ్ళెం తీసుకెళ్ళి తొట్టిలో పడేసి, షాపుకి వెళ్ళిపోయింది.

పదకొండు రోజులు చెల్లెలితో మాట్లాడలేదు. ఒకే గది, ఒకే అద్దం. దువ్వెన కావలసి వస్తే వాళ్ళ నాన్నతో చెప్పి అడిగించేది. ఆయన పాపం బస్సులో జనానికి చెప్పినట్టు, "దువ్వెన... దువ్వెన పక్క మంచానికి," అని అందించేవాడు. పన్నెండో రోజు అక్కే నోరు విప్పింది.

"నాకు చెప్తే చాలదు. నన్ను రాంగ్ నంబరన్న ప్రతివాళ్ళకీ చెప్పాలి. శనివారం కొలను దగ్గర అందరూ ఉంటారు. నీ నోటితో నువ్వే చెప్పు."

శనివారం సాయంత్రం నేనక్కడే ఉన్నాను. ప్రాక్టీసయ్యాక పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు ఒక నలభైమంది ఉంటారు. బుడుంగు తువ్వాలు చుట్టుకుని బెంచీ ముందు నిలబడింది. "మా అక్క తప్పు చూపించలేదు. ఒకటి కాదు, మూడే చూపించింది. నేను భయపడి ఆగిపోయి, అబద్ధమాడి అక్క మీదకి తోశాను," అంది. ఒక్క మాట కూడా మింగలేదు. ఒక పసివాడు వాళ్ళమ్మని "ఇప్పుడీ అక్కని ఏమని పిలవాలి?" అని పైకే అడిగాడు. వాళ్ళమ్మ వాడి నోరు మూసింది.

టీచరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "నాకు అనుమానం ఉండేది," అంది. "ఆ రోజు లెంగ్తుల టైములు నా దగ్గరున్నాయి. పన్నెండు, పదమూడు బాగా నెమ్మదిగా ఉన్నాయి. పద్నాలుగు మరీ అధ్వానం. ఆఖరిదని నమ్మిన మనిషి ప్రాణం పెట్టి ఈదుతుంది, తగ్గదు."

అక్క చటుక్కున ఆమె వైపు తిరిగింది. "మరెందుకు చెప్పలేదు టీచర్?"

"అనుమానమే కదమ్మా, తెలియదుగా."

"నా విషయంలో అనుమానం సరిపోయిందిగా మీ అందరికీ."

బస్సులో పక్కన కూర్చున్న నేను కూడా అట్టలు అతుక్కునే ఉంటాయని తల ఊపినదాన్నే. టీచరమ్మ ముప్పయ్యేళ్ళు పాఠాలు చెప్పిన మనిషి, పిల్లల ముందు నిలబడి "తప్పు నాది, క్షమించు," అంది. ఆ మాటతో అక్క భుజాలు కిందికి దిగడం నేను చూశాను. "ఆకలేస్తోంది, పదండి ఇంటికి," అని ముందుగా నడిచింది.

సోమవారం నుంచి టీచరమ్మ బుడుంగుకి పని పెట్టింది. ఇప్పుడు భయమని తెలిసింది కాబట్టి దాని సంగతి చూడొచ్చు అంది. నీళ్ళ కింద కళ్ళద్దాలు పెట్టుకుని కూర్చుని ఆమె ఊపిరిని గమనించింది. "నువ్వు గాలి పీల్చుకోలేకపోవడం లేదే. పీల్చింది వదలడంలేదు. లోపల నిండుగా పెట్టుకుని ఇంకా ఇంకా లాగుతున్నావు, అందుకే పట్టేస్తోంది," అని చెప్పింది. నాలుగు నెలలు అదే పని. మొదటి సగం అణిచిపెట్టి ఈదడం, నీళ్ళలో బుడగలు పూర్తిగా వదలడం. ఒక్క రోజులో పోలేదు. మూడుసార్లు ఆగిపోయింది. ఆగినప్పుడు "భయమేసింది" అని చెప్పడం మాత్రం నేర్చుకుంది. నాలుగో నెలలో పదమూడో లెంగ్తు కూడా మిగతావాటిలాగే ఈదేసింది. ఆ రోజు తనకే తెలియలేదట, టీచరమ్మ టైముల కాగితం చూపిస్తే నమ్మింది.

సెలెక్షన్లకి పలక ఎవరు పట్టాలని వచ్చినప్పుడు బుడుంగు నోరెత్తలేదు. అడిగే మొహం తనకి లేదని నాతో అంది. బయల్దేరే రోజు అక్కే బస్సెక్కి కూర్చుంది. "నీ కోసం రావట్లేదు," అంది. "నేను సరిగ్గా చూపిస్తానని నలుగురూ చూడాలి."

పోటీలో ఆమె పలకని ఎంత లోతుకి ముంచిందంటే భుజం దాకా తడిసింది. మూడు చూపించే దగ్గర మరీ వంగి, జడ కూడా నీళ్ళలో పడింది. రిఫరీ "కాస్త వెనక్కి జరగమ్మా, నువ్వూ పోటీలో ఉన్నావా ఏంటి?" అన్నాడు. బుడుంగు పదమూడు తిరిగింది, పద్నాలుగు తిరిగింది, నేను ఊపిరి బిగబట్టుకున్నాను, పదిహేను తిరిగింది. గోడ తాకి టైములు పడే తెర వైపు చూసింది. ఒలింపిక్స్‌కి కావలసిన టైముకన్నా సెకనులో మూడోవంతు ముందుంది.

ఆమె నీళ్ళలోనే ఉండి అవతలి చివర వైపు చూసింది. అక్క అట్టలన్నీ మొదటికి తిప్పి, కట్టి, పలక చంకలో పెట్టుకుని, చెప్పులు చప్పుడు చేస్తూ ఒడ్డు చుట్టూ నడిచొచ్చింది. చెల్లెలి చెయ్యి పట్టి పైకి లాగింది. "ఏడ్చింది చాల్లే, నీళ్ళు ఎక్కువైపోతాయి," అంది.

ఒలింపిక్స్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. అక్కడ పలకలు పట్టడానికి వాళ్ళ మనుషులే ఉంటారు. మేమంతా బస్సు డిపోలో డ్రైవర్ల విశ్రాంతి గదిలో టీవీ ముందు కూర్చున్నాం. మధ్యాహ్నం రెండున్నర. డ్రైవర్లు ఎనిమిదిమంది, వాళ్ళమ్మ, టీచరమ్మ, నేను. షాపు కోటు విప్పకుండానే అక్క వచ్చి గోడకి ఆనుకుంది. టీవీవాళ్ళు మొదటి ముగ్గుర్నే చూపించారు. మావాళ్ళేమో ఆ కింది మూల కనిపించే తెల్ల టోపీని చూస్తూ, "అదే, అదే మనది," అని ఒకరికొకరు చెప్పుకున్నారు. అది వేరే దేశం పిల్లదని ముగిశాక తెలిసింది. బుడుంగు హీట్‌లో, అంటే మొదటి వడపోత పోటీలో, ఆరో స్థానం, మొత్తం మీద ఇరవై ఒకటి. ఫైనల్‌కి ఎనిమిదిమందినే తీసుకుంటారు. కానీ తన సొంత టైము ఒకటిన్నర సెకను తగ్గించుకుంది, అది దేశానికే కొత్త రికార్డు.

గంట తరవాత ఫోన్ వచ్చింది. వాళ్ళ నాన్న ఎత్తి పెద్దకూతురి చేతికిచ్చేశాడు.

"ఎన్నోదానివి?" అంది అక్క, తెలిసే.

"ఇరవై ఒకటి."

"పన్నెండు, పదమూడు దగ్గర?"

"గాలి బాగానే ఆడింది."

"అయితే చాలు. ఏమైనా తిన్నావా?"

ఫోన్ పెట్టేసి గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది. ఆ గదిలో అందరం ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టాం, ఎవరేమన్నారో ఇప్పుడు చెప్పలేను. ఒక డ్రైవరు డ్యూటీ మరిచిపోయి ఇరవై నిమిషాలు ఆలస్యంగా బస్సు తీశాడు.

ఆ చలికాలంలోనే అక్క ఫార్మసీ పరీక్ష రాసింది. రెండోసారికి గట్టెక్కింది. షాపాయన ఆమెని కౌంటర్ మీదకి తెచ్చుకుని, తాను వెనక గదిలో నిజంగానే మధ్యాహ్నం నిద్రపోవడం మొదలుపెట్టాడు. పాత పేరుతో పిలిచినవాళ్ళు ఒకరిద్దరున్నారు. వాళ్ళకి ఆమె మందు ఇచ్చి, చీటీ మీద మోతాదు రాసి, "రాంగ్ నంబర్ వచ్చిందేమో ఇంటికెళ్ళి లెక్కపెట్టుకోండి," అనేది. వాళ్ళే సిగ్గుపడి మానేశారు. అక్కచెల్లెళ్ళ మధ్య అంతా చల్లబడిందని చెప్పను. కోపం వచ్చినప్పుడు అక్క ఇప్పటికీ ఆ మాట తీస్తుంది. బుడుంగు అడ్డు చెప్పకుండా వింటుంది.

బుడుంగు ఆ తరవాత ఇంకో ఆరేళ్ళు ఈదింది. రెండో ఒలింపిక్స్‌కి ముందు కుడి భుజం దెబ్బతింది. ఆపరేషనయ్యాక మళ్ళీ వచ్చింది, కొన్ని గెలిచింది, కొన్ని ఓడింది. ఇరవై తొమ్మిదేళ్ళకి ఒక చిన్న పోటీలో రెండోస్థానంలో వచ్చి, ఒళ్ళు తుడుచుకుంటూ టీచరమ్మ దగ్గరికి వెళ్ళి, "చాలు టీచర్," అంది. టీచరమ్మ "నేనూ అదే అనుకుంటున్నా," అంది. ఇద్దరూ వెళ్ళి చెరో గ్లాసు చెరుకురసం తాగారు. అంతే, సన్మానాలూ అవీ తరవాత ఎవరో చేశారు.

ఇంటికెళ్ళి ఆ సంగతి చెబితే వాళ్ళమ్మ మిషన్ తొక్కడం ఆపకుండానే, "అయితే రేపు ఎన్నింటికి లేపమంటావు?" అని అడిగింది. ఇరవై రెండేళ్ళుగా నాలుగున్నరకి లేపిన మనిషి, వేరే ప్రశ్న తోచలేదు.

"లేపకమ్మా."

మర్నాడు వాళ్ళమ్మ అలవాటు కొద్దీ నాలుగున్నరకి లేచింది. గదిలోకి తొంగి చూసి వెనక్కి వచ్చింది. ఏడింటికి ఒకసారి, తొమ్మిదింటికి ఒకసారి వెళ్ళి, దుప్పటి పైకీ కిందికీ కదులుతోందో లేదో చూసింది. మిషన్ తియ్యలేదు. నేను నా మనవడి యూనిఫారం కోసం వెళితే గుమ్మంలోనే నోటి మీద వేలు పెట్టి ఆపింది. ఇద్దరం మెట్ల మీద కూర్చుని గుసగుసలాడుకున్నాం. పదిన్నర దాటాక లోపలినుంచి ఆవులింత వినిపించింది.

"అమ్మా, టైమెంతయింది?"

"నీకెందుకూ? పడుకో," అంది వాళ్ళమ్మ.

సరేనని మళ్ళీ పడుకుంది.